పంతులమ్మ పసిగట్టిన మాట

పంతులమ్మకి పెళ్ళి కాలేదు. ఎవరైనా ఆరా తీస్తే, "లాటిన్ క్రియలకి నాలుగు వరసలున్నాయండీ. వాటితోనే వేగలేకపోతున్నాను, ఇంకో వరస కలుపుకోమంటారా?" అనేది. అడిగినవాళ్ళకి నవ్వాలో నొచ్చుకోవాలో తెలిసేది కాదు. ఆవిడ కాలేజీలో లాటిన్ చెప్పేది. యాభై దాటింది. మనసు మంచిదే గానీ నోరు ఊరుకోదు.

ఉండేది అన్నయ్య ఇంట్లోనే, పై వాటాలో. మధ్య వాటాలో అన్నయ్య, వదిన. కింద వదిన నడిపే డ్రైవింగ్ స్కూలు. గోడ నిండా రోడ్డు గుర్తుల పటాలు, లోపలి భాగాలు కనిపించేలా కోసిపెట్టిన పాత ఇంజను, బయట ఎల్ బోర్డులు తగిలించిన రెండు కార్లు. వదినది గట్టి గొంతు. వీధి చివర శిష్యుడు గేరు తప్పు వేస్తే ఇంట్లో అన్నయ్య ఉలిక్కిపడేవాడు.

ఒకరినొకరు దెప్పుకోకపోతే ఆ వదినా మరదళ్ళకి పూట గడిచేది కాదు.

"చచ్చిన భాష చెప్పినందుకు నీకు జీతం ఇస్తున్నారు. బతికున్నవాళ్ళ చేతికి స్టీరింగ్ ఇచ్చి నేను రోజూ చావు తప్పించుకుంటున్నాను," అనేది వదిన.

"లాటిన్ చావలేదు వదినా. పిల్లల్లో బతికే ఉంది," అని పంతులమ్మ మొదలుపెట్టేది. మొదలుపెడితే చివరికి వచ్చి ఆగేది ఒక్క క్రియ దగ్గరే. కొన్నేళ్ళుగా ఆ మాట ఆవిణ్ణి పట్టి పీడిస్తోంది.

"అఫ్లారె. అంటే ఒకదాని మీదకి ఊదడం, ఊపిరి వదలడం. లాటిన్ పిల్లల్లో, అంటే దాన్నుంచి పుట్టిన భాషల్లో, ఒక్కో పిల్ల దాన్ని ఒక్కోలా పలికింది. రుమేనియన్‌లో అఫ్లా అయింది. పోర్చుగీస్‌లో అషార్. స్పానిష్‌లో అయ్యార్."

"ఎవరయ్యారు?"

"అయ్యారు కాదు వదినా, అయ్యార్! దొరకడం, కనుక్కోవడం అని అర్థం."

"ఊదితే దొరకడమేంటే? పొయ్యి ఊదితే పొగ తప్ప ఏం దొరుకుతుంది?"

"నా ఏడుపూ అదే!"

దానికి పాతకాలం పండితులు చెప్పిన సమాధానం ఒకటుంది. వేటకుక్క నేలకి ముక్కు ఆనించి ఉఫ్ ఉఫ్‌మని ఊపిరి వదులుతూ వాసన పడుతుంది. కుక్క ఒకచోట ఆగి ఊదిందంటే వేట దొరికినట్టే. అలా వేటగాళ్ళ నోట్లో నాని ఊదడం కాస్తా దొరకడమైపోయిందని వాళ్ళన్నారు. పంతులమ్మకి ఆ మాట నచ్చింది. నచ్చితే సరిపోదు, రుజువు కావాలి. ముఖ్యంగా గొడ్డలి మాష్టారికి కావాలి.

ఆయన రిటైరైన పెద్ద ప్రొఫెసరు. ఏటా జరిగే భాషల సభలో మొదటి వరసలో కూర్చుని, ఎవరు పేపరు చదివినా ఒకే ఒక్క ప్రశ్నతో మొదలంటా నరికేవాడు. ఆ పేరు అందుకే వచ్చింది. కిందటి సభలో పంతులమ్మని కూడా వదల్లేదు. "కథ కమ్మగా ఉందమ్మా. కుక్క వాసన పట్టే మాట కాస్తా కనుక్కునే మాటగా మారిందని ఇంకో భాషలో, లాటిన్‌తో చుట్టరికం లేని భాషలో, ఒక్క ఉదాహరణ చూపించు. అంతదాకా దీన్ని నేను కాకమ్మ కథే అంటాను," అన్నాడు.

ఆవిడ నెలల తరబడి వెతికింది. గ్రంథాలయంలో ఏయే దేశాల నిఘంటువులో తిరగేసింది. దొరకలేదు.

అంతలో ఒక ఉదయం టీ పోసుకుంటూ ఉంటే చేతిలో కప్పు జారిపడింది. ఆవిడ దానికేసి చూస్తూ నిలబడింది తప్ప వంగలేదు.

"కాలిందా?" అంది వదిన.

"అదే," అంది పంతులమ్మ.

"ఏది?"

"అదే… అదే…" నోరు ఒక పక్కకి లాగేసింది.

వదిన అన్నయ్యని కేకేసింది. అన్నయ్య కాళ్ళు పట్టుకున్నాడు, తను భుజాలు పట్టుకుంది. ఎల్ బోర్డు కారు వెనక సీట్లో పడుకోబెట్టి, నలుగురికీ నేర్పే రూల్స్ అన్నీ తుంగలో తొక్కి, ఎర్ర లైట్లు దాటుకుంటూ ఆస్పత్రికి చేర్చింది. సరైన టైముకి తెచ్చారు కాబట్టి ప్రాణానికి ఢోకా లేదన్నారు డాక్టర్లు. మెదడులో రక్తనాళం మూసుకుపోయింది. కుడిచెయ్యి మెల్లగా స్వాధీనంలోకి వస్తుంది. మాట సంగతి మాత్రం చెప్పలేమన్నారు. మనం అన్నవన్నీ ఆవిడకి అర్థమవుతాయి, తను చెప్పబోతే మాట దొరకదు.

నలుగురి నోళ్ళూ మూయించిన మనిషి ఇప్పుడు నీళ్ళు కావాలన్నా "అదే" అంటోంది, కిటికీ వెయ్యమన్నా "అదే" అంటోంది. అన్నయ్య వరండాలోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చేవాడు. వదిన మాత్రం ఏడవలేదు. "ఏది, చూపించు. ఇదా? ఇదా? కాదా? సరే, మళ్ళీ చెప్పు," అంటూ, వెనక్కి పార్క్ చెయ్యడం నేర్పేటప్పుడు ఎంత ఓపిక పడుతుందో అంత ఓపికా పట్టింది.

స్పీచ్ థెరపిస్టుగా వచ్చినది చిన్న వయసు అమ్మాయి. గదిలో నిలువుటద్దం, బల్ల మీద బొమ్మల కార్డులు. దువ్వెన, గొడుగు, తాళం. పంతులమ్మ దువ్వెన బొమ్మ చూసింది, అద్దంలో తన వంకర నోరు చూసుకుంది, ఎడంచేత్తో కార్డులన్నీ నేలమీదకి తోసేసింది.

థెరపిస్టు కోప్పడలేదు. కార్డులు ఏరుకుంటూ వదినని అడిగింది: "చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చినవి ఏమైనా ఉన్నాయా ఆంటీ? ఎక్కాలో, పాటలో? బట్టీ పట్టినవి ఒక్కోసారి మిగతా మాటలకన్నా ముందే తిరిగొస్తాయి."

వదిన ముందు ఎక్కాలు ప్రయత్నించింది. ఫలితం లేదు. వారాలు చెప్పింది. పంతులమ్మ గోడకేసి చూసింది. మర్నాడు వదిన పై వాటాకి వెళ్ళి అట్ట ఊడిన లాటిన్ వ్యాకరణం పట్టుకొచ్చింది. అఫ్లారెకి మూలమైన చిన్న క్రియ, ఊదడం, ఏ పేజీలో ఉందో వెతికింది. పుస్తకాన్ని కళ్ళకి దూరంగా పట్టుకుని, వీధి చివరిదాకా వినిపించే గొంతుతో మొదలుపెట్టింది.

"ఫ్లో. ఫ్లాస్. ఫ్లాట్…"

పంతులమ్మ మొహం చిట్లించింది. వదిన మళ్ళీ చదివింది. "ఫ్లాట్!"

"ఫ్లాత్!" అంది పంతులమ్మ.

పంతులమ్మ ఉలిక్కిపడి తన నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తరవాత కళ్ళు మూసుకుని, నీళ్ళు వదిలిన కుళాయిలా, ఒక్క బిగిన చెప్పేసింది. "ఫ్లో, ఫ్లాస్, ఫ్లాత్, ఫ్లామూస్, ఫ్లాతిస్, ఫ్లాంత్."

ఇన్నాళ్ళూ ఏడవని వదిన అప్పుడు బావురుమంది. ఏడుస్తూనే అంది: "ఇన్నాళ్ళకి నోరు తెరిచి మొట్టమొదట నా తప్పు దిద్దుతావటే! బిల్డర్లు అమ్మే ఫ్లాట్ కాదని నాకెలా తెలుస్తుంది?"

పంతులమ్మ నవ్వింది. ఒక పక్కకే నవ్వింది, కానీ నవ్వింది.

ఆ రోజు నుంచి ఇల్లంతా లాటిన్. అంట్లు తోముతూ వదిన ఒక వరస అందుకుంటే, తుడుస్తూ పంతులమ్మ పూర్తి చేసేది. ఇంట్లో ఒక్కదాన్నే వదలడం ఇష్టంలేక వదిన తన కారు వెనక సీట్లో కూర్చోబెట్టుకుని పాఠాలకి తిప్పేది. డ్రైవింగ్ నేర్చుకుంటున్న పళ్ళ డాక్టరు ఒకాయన రెండు వారాల్లో "ఫ్లో, ఫ్లాస్" అనుకుంటూ రివర్స్ చెయ్యడం మొదలెట్టాడు. లాటిన్ వెంట అయ్యార్, అషార్, అఫ్లా వచ్చాయి. ఇటలీ దక్షిణాదిన పలికే అక్కియా వచ్చింది. "మీ అక్కయ్య వచ్చింది," అనేది వదిన. వాటి వెనకే మెల్లగా సొంత మాటలు రాసాగాయి. ముందు నీళ్ళు. తరవాత వదినా. తరవాత తిట్లు. తిట్లు మాత్రం చాలా తొందరగా వచ్చాయి.

సభ దగ్గర పడింది. కాలేజీలో పక్క గదిలో గ్రీకు చెప్పే మాష్టారు పరామర్శకి వచ్చి, మొహమాటపడుతూ అన్నాడు: "మీ పేపరు నేను చదివిపెడతానండీ. మీరు వేదిక మీద కూర్చుంటే చాలు." ఆయన నిజంగా మంచివాడు.

పంతులమ్మ తల అడ్డంగా ఊపింది. "నేను. చదవను. చెప్తా."

ఆయన వెళ్ళాక వదిన అడిగింది: "నిజంగా చెప్పగలవా? అంతమంది ముందు మాట అందకపోతే?"

"ఆగుతా."

"ఆగితే?"

"వాళ్ళూ… ఆగుతారు."

అయితే పంతులమ్మ అసలు దిగులు మాట గురించి కాదు. గొడ్డలి మాష్టారు అడిగిన ఉదాహరణ ఇప్పటికీ దొరకలేదు.

సభకి ముందు ఆదివారం. మధ్యాహ్నం అందరూ టీ తాగుతున్నారు. అన్నయ్య బజారు నుంచి వచ్చి, చెప్పులు విప్పి, ఏమీ ఎరగనట్టు పేపరు అందుకున్నాడు. డాక్టర్లు ఇంట్లో పొగ సోకకూడదన్నాక సిగరెట్లు మానేశానని ఆయన చెప్పి కొన్నాళ్ళయింది.

"ఏమండీ, ఎన్ని కాల్చారు?" అంది వదిన.

"ఏవి?"

"ఆ సోంపు నమలడాలు నా దగ్గర కాదు. మీరు గుమ్మంలో ఉండగానే పసిగట్టాను."

పంతులమ్మ కప్పు ఠక్కున బల్లమీద పెట్టింది. "ప… ప… పసి!"

"పసేంటే? పసుపా?"

కాదని తల ఊపింది.

"పసిపిల్లా? ఎవరి పిల్ల?"

"పసి! గట్… గట్!" ఎడంచేత్తో ముక్కు చూపించింది. తరవాత అన్నయ్యని చూపించింది. అన్నయ్యకి చెమట పట్టింది. "ఒక్కటేనమ్మా! ఒట్టు, ఒక్కటే కాల్చాను!"

ఆయన గోల ఎవరిక్కావాలి? పంతులమ్మ లేచి, గోడ పట్టుకుంటూ మెట్లెక్కి, పెద్ద తెలుగు నిఘంటువుని దించమని సైగ చేసింది. వదిన దించింది. పేజీలు తిప్పి, ఒకచోట వేలు పెట్టి నొక్కింది. పసి అంటే వాసన, జంతువులు పట్టే వాసన. పసిగట్టడం అంటే కుక్క వాసన పట్టడం. అక్కడి నుంచే కనిపెట్టడం, ఆచూకీ తెలుసుకోవడం.

ఉదాహరణ కోసం నెలల తరబడి ఎక్కడెక్కడి భాషలో గాలించింది. అది పుట్టినప్పటి నుంచీ నోట్లోనే ఉంది. రోజుకి పదిసార్లు వాడే మాట కాబట్టే ఒక్కసారీ ఆగి చూడలేదు. మాటలన్నీ పోయి, ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని చూసి తెచ్చుకోవాల్సి వచ్చినప్పుడు కనిపించింది.

"దొ… రికింది," అంది. అంతలో సరదా పుట్టి, "అయ్యార్!" అని అరిచింది.

సభ రోజున పెద్ద హాలు నిండిపోయింది. పంతులమ్మ మాట్లాడుతుందన్న సంగతి పొక్కి, పాత విద్యార్థులు కూడా వచ్చారు. మెట్లమెట్లుగా ఉన్న బెంచీలు చాలక గోడలకి ఆనుకుని నిలబడ్డారు. మొదటి వరసలో చేతికర్ర మీద గడ్డం ఆనించి గొడ్డలి మాష్టారు. రెండో వరసలో అన్నయ్య, వదిన. వదిన కుడికాలు నేలని నొక్కిపట్టి ఉంది. పక్క సీట్లో ఎవరైనా తడబడితే ఆ కాలు దానంతటదే బ్రేకు మీదకి పోతుంది. అది పాతికేళ్ళ అలవాటు.

పంతులమ్మ ఆగి ఆగి నడిచి వేదిక ఎక్కింది. మైకు పొడుగ్గా ఉంది. ఎవరో వచ్చి దించబోతే తనే ఎడంచేత్తో దించుకుంది.

"అఫ్లారె," అంది. స్పష్టంగా అంది. "ఊదడం."

తరవాతి మాట రావడానికి చాలాసేపు పట్టింది. వెనక ఎవరో దగ్గారు. విభాగం అధిపతి కుర్చీలో ముందుకి జరిగాడు. గ్రీకు మాష్టారు సగం లేచాడు. పంతులమ్మ ఆయనకేసి చూసి, కూర్చోమని చేత్తో సైగ చేసింది. కూర్చున్నాడు.

"తొందర… లేదు," అంది. "ఈ మాట… రెండు వేల ఏళ్ళు… నడిచింది. నాకోసం… రెండు నిమిషాలు… ఆగండి."

హాలంతా నవ్వింది. నవ్వు సద్దుమణిగేసరికి అందరూ నిజంగానే వినడానికి సర్దుకుని కూర్చున్నారు.

ఆవిడ మాటని వెంటబెట్టుకుని బయల్దేరింది. ముక్కలు ముక్కలుగానే చెప్పింది, కానీ ఒక్క ముక్కా వృథా పోలేదు. తూర్పున రుమేనియన్‌లో ఎఫ్, ఎల్ రెండూ చెక్కుచెదరలేదు: అఫ్లా. అంటే సంగతి తెలియడం. పడమర పోర్చుగీస్ ఆ జంటని నమిలి షకారం చేసింది: అషార్. దొరకడం అన్నారు, ఆపైన "నాకు అనిపిస్తోంది" అనడానికీ అదే వాడారు. స్పానిష్‌లో అసలు రూపే మారిపోయింది: అయ్యార్. రాసేటప్పుడు ముందొక హెచ్ పెడతారు, పలకరు. పాత ఎఫ్ తాలూకు గుర్తు అది. మధ్యలో ఫ్రెంచ్ వాళ్ళూ, ఇటలీలో చాలామందీ దొరకడానికి వేరే మాట తెచ్చుకున్నారు. మన మాటని నడిబజారు నుంచి వెళ్ళగొట్టారు.

"పోయిందా?" అని అడిగింది. "పోలేదు. అంచుల్లో… బతికింది. స్విట్జర్లాండ్ కొండల్లో… రొమాన్ష్ వాళ్ళ దగ్గర… అన్‌ఫ్లార్. ఇటలీ దక్షిణాన… అక్కియా. తూర్పు చివర. పడమటి చివర. మధ్యలో… తరిమేశారు. అంచున… నిలబడింది."

చెబుతున్నది క్రియ గురించేనని హాల్లో అందరికీ తెలుసు. అయినా చాలామంది కళ్ళు తుడుచుకున్నారు.

అప్పుడు గొడ్డలి మాష్టారు కర్ర ఆనుకుని లేచాడు. ఆవిడ అనారోగ్యం చూసి జాలిపడి ఊరుకుంటాడేమో అనుకున్నారంతా. ఆయన ఊరుకోలేదు.

"కిందటేడు అడిగిందే అడుగుతున్నానమ్మా. ఊదడానికీ దొరకడానికీ మధ్య వంతెనేది? ఒక్క ఉదాహరణ."

పంతులమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు.

ఇంట్లో వందసార్లు అన్న మాట. మెట్ల మీద, కార్లో, స్నానం చేస్తూ అన్న మాట. పెదాలు "ప" దగ్గర అతుక్కున్నట్టు ఆగిపోయాయి. వదిన కాలు నేలని తొక్కేస్తోంది. తను లేచి ఒక్క మాట అందిస్తే అయిపోతుంది. అన్నయ్య మోచేత్తో పొడిచాడు కూడా. వదిన పళ్ళు బిగించి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

పంతులమ్మ ఊపిరి పీల్చుకుంది. మాట ఎదురుగా రాకపోతే చుట్టూ తిరిగి వెళ్ళాలని థెరపిస్టు నేర్పింది.

"మా అన్నయ్య," అంది. "సిగరెట్. దొంగతనంగా."

హాలు గొల్లుమంది. అన్నయ్య పేపర్లు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"సోంపు… నమిలాడు. గుమ్మంలో… నిలబడ్డాడు. వదిన… చూడలేదు. అడగలేదు. వదిన…" కళ్ళు మెరిశాయి. "పసి… గట్టింది!"

ఆ మాట బెంచీల మీదుగా పాకింది. పసిగట్టడం, పసిగట్టడం అని ఒకరితో ఒకరు అనుకుంటున్నారు. అందులో వాసనుందని అంతకుముందు ఎవరూ తలుచుకోలేదు.

"పసి అంటే… వాసన," అంది పంతులమ్మ. ఇప్పుడు మాటలు వాటంతటవే తోసుకొస్తున్నాయి. "కుక్క వాసన పట్టే మాట. ఇప్పుడు కుట్ర పసిగడతాం. అబద్ధం పసిగడతాం. ముక్కుతో పనే లేదు. లాటిన్‌తో చుట్టరికం… లేదు. వంతెన… ఇదిగో."

గొడ్డలి మాష్టారు నిలబడే ఉన్నాడు.

"పొద్దున మా మనవరాలు బడి ఎగ్గొట్టబోతుంటే పసిగట్టానని ఇంట్లో గొప్పలు చెప్పుకుని వచ్చాను," అన్నాడు. "అరవై ఏళ్ళుగా మాటలతో బతుకుతున్నవాణ్ణి. నాకు తట్టలేదు. దారి ఉందని ఒప్పుకుంటున్నాను. లాటిన్ ఆ దారినే వెళ్ళిందనడానికి మాత్రం ఇంకా సాక్ష్యం కావాలి."

"కావాలి," అంది పంతులమ్మ. "వెతుకుతా."

"వెతుకు. ఈసారి దాన్ని కాకమ్మ కథ అనను." ఆయన కర్రని చంకలో పెట్టుకుని రెండు చేతులతో చప్పట్లు కొట్టాడు. ఆయన చప్పట్లు కొట్టడం ఆ హాలు ఎన్నడూ చూడలేదు. దాంతో అందరూ లేచారు. గోడలకి ఆనుకున్నవాళ్ళు ఈలలు వేశారు. వదిన చప్పుడు మాత్రం వేరుగా వినిపించింది. ఆవిడ చప్పట్లు కొట్టలేదు, బల్ల బాదుతోంది.

బయట వరండాలో విభాగం అధిపతి దగ్గరికొచ్చి, "కంగారేం లేదు, పూర్తిగా కోలుకున్నాక సాయంత్రం క్లాసు ఒకటి చూద్దాం," అన్నాడు.

"సాయంత్రం కాదు," అంది పంతులమ్మ. "పొద్దున. మొదటి పీరియడ్. మొదటి సంవత్సరం వాళ్ళు."

"చూద్దామండీ…"

"చూడ్డం కాదు. వెయ్యండి."

వేశాడు. కొత్త తరగతులు మొదలైన రోజు ఆవిడ గంటకి ముందే క్లాసుకి చేరింది. సుద్దముక్క ఎడంచేత్తో పట్టుకుని, వంకర టింకరగా, గజం ఎత్తు అక్షరాలతో బోర్డు మీద ఒక క్రియ రాసింది. పాడడం అని దాని అర్థం. కొత్త పిల్లలు గుసగుసలు మాని చూస్తున్నారు.

"నేను మెల్లగా చెప్తా," అంది. "మీరు గట్టిగా చెప్పాలి. కాంతో."

"కాంతో!" అన్నారు పిల్లలు.

"వినిపించలేదు. కాంతో, కాంతాస్, కాంతాత్!"

ఈసారి కిటికీ అద్దాలు అదిరాయి. పక్క గది గ్రీకు మాష్టారు తలుపు వేసుకోడానికని బయటికొచ్చి, వెయ్యకుండా గుమ్మంలోనే నిలబడిపోయాడు. పంతులమ్మ ఆయన్నీ వదల్లేదు. సుద్దముక్కతో ఆయన్ని చూపిస్తూ, "మీరు కూడా," అంది.